మౌస్ ఎవరి చేతిలో ఉంది: కాలనీ వరద పటం గీయించే వర్క్‌షాపులు

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీదికి వచ్చాక, వరద గురించి చెప్పమంటే విజయవాడలో మాటలకు కరువు లేదు. ఆ మాటల్ని పటం మీదికి ఎక్కించడమే కష్టం. మా వీధిలో ఎంత లోతు వచ్చింది, ఎటునుంచి వచ్చింది, మళ్లీ వస్తే ఎటు పోవాలి అన్న మూడు ప్రశ్నలకు వీధివాళ్ల చేతే కంప్యూటర్ పటం గీయించే వర్క్‌షాపుల్లో మాకు అలవాటైన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. వాడేది క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్. ఉచితం, మామూలు 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, నెట్ లేకపోయినా ఆగదు. అయినా ఈ రాతలో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ గురించి కాదు, గది గురించే.

ఎందుకంటే స్క్రీన్ వెలిగిందంటే గదిలో అందరి చూపూ మౌస్ పట్టుకున్న మనిషి మీదికే పోతుంది. అతను జూమ్ చేసిన చోట సమస్య ఉన్నట్టు, చేయని చోట లేనట్టు అయిపోతుంది. పట్టుకున్నది సాధారణంగా చదువుకున్న కుర్రాడు. అతని పక్కన కూర్చునేది అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు. ఇక పటం ఆయన వీధి పటం అవుతుంది. వెనక బెంచీలో కూర్చున్నామె మూడు రోజులు మేడమీద పిల్లలతో గడిపిన సంగతి ఎక్కడా నమోదు కాదు. మేం చేసే ఏర్పాట్లన్నీ ఈ ఒక్క జబ్బుకు మందులే: స్క్రీన్‌ను ఆలస్యంగా వెలిగించడం, మౌస్‌ను నోటి నుంచి విడదీయడం.

ప్రశ్న ముందు ఖాయం కావాలి. ‘వరద సన్నద్ధత ప్రణాళిక’ అని బ్యానర్ కడితే వచ్చేది ఉపన్యాసమే. జవాబును పటం మీద చుక్కగానో, గీతగానో, హద్దులున్న ముక్కగానో పెట్టగలిగితేనే అది వర్క్‌షాపు ప్రశ్న. ‘డ్రైనేజీ బాగుచేయాలా?’ అంటే అందరూ అవునంటారు, అక్కడితో సరి. ‘ఏ కల్వర్టు దగ్గర నీళ్లు ముందు నిలబడతాయి?’ అంటే చుక్క పెట్టాలి. చుక్క పెట్టాలంటే ఆలోచించాలి, పక్కవాళ్లతో తేల్చుకోవాలి.

విజయవాడలో ఇంకో చిక్కు ఉంది. వరద అనగానే ఒకాయన 2024 చెబుతాడు, పక్కనాయన 2005 బుడమేరు చెబుతాడు, కృష్ణలంక నుంచి ఇటు కాపురానికి వచ్చినామె 2009 అక్టోబరు కృష్ణ వరద చెబుతుంది. వీళ్లెవరికీ సంబంధం లేకుండా, ప్రతి జూలైలో గంట వాన పడితే సైడు కాలువ పొంగి వాకిట్లోకి వచ్చే నీళ్ల గురించి ఇంకొకరు చెబుతారు. మూడూ వేరు వేరు నీళ్లు, దారులు వేరు, మందులూ వేరు. 2024లో అయితే అన్నీ ఒకేసారి వచ్చాయి. బుడమేరు డైవర్షన్ చానెల్‌కు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నడిచింది. ఆ చానెల్ నీళ్లు కలవాల్సింది కృష్ణలోనే కాబట్టి నది నిండుగా ఉంటే అవి అటు దిగవు. ఈ సంగతి మొదటి పది నిమిషాల్లో గోడ మీద పెద్ద పటం చూపించి చెప్పేస్తాం. బుడమేరు నీళ్లకు ఎర్ర స్టిక్కర్, కృష్ణ నీళ్లకు నీలం, వాన నీళ్లకు పసుపు. కంప్యూటర్లో కూడా మూడు వేరు లేయర్లు, అంటే పొరలు. ఈ పని చేయకపోతే సాయంత్రానికి ఒకే వీధిలో నడుం లోతు చుక్క పక్కనే చీలమండ లోతు చుక్క పడి, ఎవరు అబద్ధమాడారో అన్న వాదన మొదలవుతుంది. నిజానికి ఎవరూ అబద్ధమాడలేదు.

ఉపగ్రహం ఫొటోలు ఉన్నాయిగా, జనాన్ని అడగడం ఎందుకు అని ఇంజినీరింగ్ కుర్రాళ్లు అడుగుతారు. సెంటినెల్-1 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి కూడా నీళ్లను పట్టుకుంటాయి, పొలాల్లో నిలిచిన నీళ్లను చక్కగా చూపిస్తాయి. ఇరుకు వీధుల్లో మాత్రం గోడలకు తగిలి తిరిగొచ్చే సంకేతం వల్ల నీళ్లున్నా లేనట్టే కనిపిస్తుంది. భూమి ఎత్తుపల్లాల కోసం దొరికే ఉచిత ఎస్‌ఆర్‌టీఎం డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు; ఎత్తులో తేడా మీటర్లలో ఉండొచ్చు. మన వీధికీ పక్క వీధికీ ఉన్న తేడా అడుగు. అడుగు తేడాకే ఒక వీధిలో ఫ్రిజ్ మునుగుతుంది, ఇంకో వీధిలో మునగదు. కాబట్టి ఆ అడుగును మనుషులే చెప్పాలి, లేదా కొలవాలి.

కొలవడం వర్క్‌షాపుకు ముందే జరగాలి. ఇద్దరు మెప్మా ఆర్‌పీలు (పట్టణ పొదుపు సంఘాలను చూసే రిసోర్స్ పర్సన్లు), ఒక తాపీమేస్త్రి, వార్డు సచివాలయం నుంచి రోడ్లు, కాలువల పనులు చూసే ఎమెనిటీస్ సెక్రటరీ వస్తే ఆయన; ఈ నలుగురితో ఒక ఉదయం నడక చాలు. వెతికేది గోడ మీద మట్టి గీత. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. గోడ మీద బాగా నల్లగా కనిపించే గీత నీళ్లు ఎక్కువసేపు నిలిచిన మట్టం, అత్యధిక మట్టం కాదు. నీళ్లు పైకి వచ్చి కొన్ని గంటల్లోనే తగ్గి, ఆ తర్వాత రోజుల తరబడి ఒకే ఎత్తులో ఆగిపోతే, ఆగిన చోటే గట్టి మరక పడుతుంది. దాని పైన సన్నగా, వెలిసిపోయినట్టు ఇంకో గీత ఉంటుంది, అదీ మనకు కావలసింది. ఇళ్లవాళ్లు చూపించేది ఎప్పుడూ నల్ల గీతే. రంగులు వేసేసిన ఇళ్లలో మెట్ల కింద, కరెంటు మీటరు పెట్టె లోపల, ప్రహరీ వెనక వైపు చూడండి, ఎవరూ రంగు వేయని చోట్లు అవే.

గీత దొరికాక దాన్ని వీధి మొత్తానికి వర్తింపజేయాలంటే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు సరిపోతుంది. ఇరవై మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస గీత దగ్గర, ఇంకో కొస తర్వాతి కరెంటు స్తంభం దగ్గర పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. చదివేటప్పుడు రెండు కొసలూ తెరిచి ఉండాలి. ఒకరు బొటనవేలు తీయడం మరిచారంటే కొలత తప్పినట్టే. స్తంభం మీద సుద్దతో గీత గీసి, అక్కడ రోడ్డు నుంచి ఎత్తు టేపుతో కొలిచి రాసుకోవాలి. అలా స్తంభం స్తంభానికి పోయి, వీధి చుట్టి మొదటి గీత దగ్గరికే తిరిగి రావాలి. రెండు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే ఎక్కడో బుడగ ఉంది, మళ్లీ మొదలు. మేస్త్రికి ఇదంతా కొత్త కాదు, మనకే కొత్త. ఈ కొలతలు పది, పదిహేను స్తంభాలకు ఉంటే, వర్క్‌షాపులో జనం చెప్పే లోతుల్ని సరిపోల్చుకోవడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

ఇక మూల పటం. రోడ్లు, కాలువలు, భవనాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, జనమే గీసే ఉచిత పటం నుంచి తెచ్చుకుంటాం. లేని సందుల్ని నడకలో చూసి కలుపుతాం. ప్రాజెక్టు కోఆర్డినేట్ వ్యవస్థను మొదట్లోనే మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌కు, అంటే ఈపీఎస్‌జీ 32644కు మార్చాలి. విజయవాడ, గుంటూరు రెండూ అందులోకే వస్తాయి. అక్షాంశ రేఖాంశాల్లోనే వదిలేస్తే దూరాల యూనిట్ డిగ్రీలవుతుంది. ఒక చోటు చుట్టూ 500 మీటర్ల పరిధి గీయడానికి 500 అని కొడితే అది 500 డిగ్రీలు అనుకుంటుంది. ఒక్క డిగ్రీయే దాదాపు 111 కిలోమీటర్లు. స్క్రీన్ నిండా రంగు పరుచుకుని జనం నవ్వుతారు. ఆ నవ్వు తర్వాత మీరు చూపించే ఏ దూరాన్నీ నమ్మరు.

పేర్లు అధికారికంగా ఉన్నవి కాకుండా వాడుకలో ఉన్నవి రాయాలి. వాటర్ ట్యాంకు రోడ్డు, మసీదు సెంటర్, పాత రేషన్ షాపు సందు. గుంటూరులో అయితే లైను నంబరు రాయకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. బ్రాడీపేటలో నాలుగో లైను అంటే నాలుగో లైనే. డోర్ నంబర్ల మీద ఆధారపడొద్దు.

తెలుగు అక్షరాల దగ్గర మూడు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి, డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించిన జాబితాను క్యూజీఐఎస్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాకే తేవాలి. రెండు, షేప్‌ఫైల్ అనే పాత రకం పటం ఫైలు. దాంట్లో కాలమ్ పేరుకు పది అక్షరాలే చోటు, విషయానికి 254 బైట్లు. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్క తెలుగు అక్షరానికి మూడు బైట్లు పోతాయి, వత్తుంటే ఇంకా ఎక్కువ. వ్యాఖ్య సగంలో తెగిపోతుంది. ఎన్‌కోడింగ్ తప్పితే మొత్తం ప్రశ్నార్థకాలే. జియోప్యాకేజీ అనే కొత్త రకం ఫైలులో దాచుకుంటే ఈ బాధ ఉండదు. మూడు, ప్రింటు. మన పీడీఎఫ్‌ను షాపువాళ్లు కోరల్‌డ్రాలో తెరుస్తారు, వత్తులు ఒకపక్క, గుణింతాలు ఒకపక్క చెదిరిపోతాయి. క్యూజీఐఎస్ లేఅవుట్ నుంచి పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చే ఎంపిక పెట్టుకుంటే ఫాంటు లేకపోయినా బొమ్మలా అలాగే నిలుస్తాయి.

ప్రింటు ఏ0 సైజు, 1:1000 స్కేలు. ఏ0 కాగితం 841 బై 1189 మిల్లీమీటర్లు కాబట్టి 841 మీటర్ల వెడల్పు, 1189 మీటర్ల పొడవు ఉన్న ప్రాంతం పడుతుంది, కాలనీకి సరిపోతుంది. సెంటీమీటరుకు పది మీటర్లు అని జనానికి చెప్పడం కూడా తేలిక. షాపులో ‘పేజీకి సరిపెట్టు’ అని నొక్కితే స్కేలు మారిపోతుంది. అందుకే షాపులోనే స్కేలుబద్దతో కొలవండి. పటం మీది 100 మీటర్ల గీత సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే అక్కడికక్కడే మళ్లీ తీయించాలి. ఫ్లెక్స్ వద్దు. చవకగా వస్తుంది గానీ లైటు పడితే మెరుస్తుంది, పెన్సిలు పడదు. మామూలు కాగితం మీద పారదర్శక షీటు పరిచి, షీటు మీద స్టిక్కర్లు అంటిస్తే పటం చెడదు.

గది విషయానికి వస్తే, ముప్పై మందికి మించొద్దు. నాలుగు బల్లలు, బల్లకు ఆరేడుగురు. ఆడవాళ్లు ఎక్కువ రావాలంటే పదకొండు నుంచి ఒంటిగంటన్నర. ఆటో నడిపేవాళ్లు, కూలికి పోయేవాళ్లు రావాలంటే ఆదివారం పొద్దున్నే. రెండూ ఒకే సభలో కుదరవు, రెండు సభలు పెట్టుకోవాల్సిందే. మే నెలలో కమ్యూనిటీ హాలు రేకుల కప్పుదైతే మధ్యాహ్నం పెట్టడం శుద్ధ దండగ. వేదిక ఉంటే దాని మీద కుర్చీలు తీయించేయండి. కుర్చీలుంటే ఎవరో ఒకరు ఎక్కుతారు, ఎక్కినవాళ్లు మాట్లాడతారు.

ప్రొజెక్టరు కంటే పెద్ద టీవీ నయం, పగటి వెలుతురులో కూడా కనబడుతుంది. హాట్‌స్పాట్‌కు రెండు వేరు నెట్‌వర్క్‌ల సిమ్ములు. ఉపగ్రహ చిత్రం ఉంటే కాలనీ వరకే కత్తిరించి ముందే ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవాలి, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీతో పని సాగుతుంది. టచ్‌ప్యాడ్‌తో గీతలు గీయకండి, వైరున్న మౌస్ తీసుకెళ్లండి.

మొదటి అరగంట స్క్రీన్ ఆపేసి ఉంటుంది. పటాన్ని బల్ల మీద నిజమైన దిక్కులకు సరిపడేలా తిప్పి పరుస్తాం. కాలువ కిటికీ వైపు ఉంటే పటంలో కాలువా అటే ఉండాలి. ఇంత చిన్న పనికే ఇల్లు వెతుక్కునే సమయం సగానికి సగం తగ్గుతుంది. ఉత్తరం పైకి ఉండాలన్న నియమం బడిలో భూగోళం చదివినవాళ్లకే. ఎవరిల్లు వాళ్లు వెతుక్కున్నాక లోతు అడుగుతాం. మీటర్లలో కాదు. చీలమండ, మోకాలు, నడుము, ఛాతీ, తలమునక. మోకాలంటే సుమారు 45 సెంటీమీటర్లు, నడుమంటే 90, ఛాతీ అంటే 120 నుంచి 135 దాకా అని మేం లెక్క కట్టుకుంటాం. మనిషి ఎత్తును బట్టి తేడా ఉంటుంది, స్తంభాల కొలతలతో సరిచూసుకుంటాం. ప్రతి జవాబు వెంటా ఒక ఎదురుప్రశ్న తప్పనిసరి: “అమ్మా, నడుం లోతు అన్నారు, వరండాలో నిలబడితేనా, రోడ్డు మీదా?” ఇంటి గచ్చు రోడ్డు కంటే రెండడుగులు ఎత్తులో ఉండటం ఇక్కడ మామూలే. ఈ ఒక్క ప్రశ్న అడగని పటంలో లోతులన్నీ రెండడుగులు అటూ ఇటూ అవుతాయి.

లోతు కంటే విలువైనది వేళ. నీళ్లు మొదట కనిపించింది ఎప్పుడని అడిగితే గడియారం ఎవరికీ గుర్తుండదు. పాలప్యాకెట్లు తెచ్చేటప్పటికా, టిఫిన్లు అయ్యాకా, కరెంటు తీసేశాకా అంటే కచ్చితంగా చెబుతారు. వేళల్ని వరసగా పెట్టి చూస్తే నీళ్లు వీధుల్లో నడిచిన దారి దానంతటదే బయటపడుతుంది. చాలాసార్లు అది కాలువ నుంచి నేరుగా వచ్చిన దారి కాదు, రోడ్డు కింద తూములోంచి వెనక్కి తన్నిన దారి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే ఆశ్చర్యపోయేది ఇక్కడే.

ఇక్కడే ఒక మొరాయింపు కూడా ఎదురవుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సొంత ఇల్లున్నవాళ్లు లోతు తగ్గించి చెబుతారు. “మా ఇంటి మీద ఎర్రచుక్క పెడితే రేపు అమ్ముకోగలమా సార్?” అని మొహం మీదే అడుగుతారు. అద్దెకుండేవాళ్లకు ఆ బాధ లేదు, ఉన్నదున్నట్టు చెబుతారు, కానీ ఓనరు అదే బల్ల దగ్గరుంటే నోరు విప్పరు. పరిష్కారం రెండు రకాలు. ఓనర్లను, అద్దెవాళ్లను వేరు బల్లల దగ్గర కూర్చోబెట్టాలి. చుక్కను ఇంటి మీద పెట్టకుండా దగ్గరలోని కరెంటు స్తంభం మీదో, కూడలి మీదో పెట్టించాలి. ‘ఫలానా వారి ఇల్లు’ అనే కాలమ్ అసలు పెట్టకూడదు. ప్రణాళికకు స్తంభం చాలు. మంచాన పడ్డవాళ్లు, గర్భిణులు, డయాలసిస్‌కు పోయేవాళ్లు ఉన్న ఇళ్ల జాబితా పడవలు పంపేవాళ్లకు అవసరమే గానీ, అది ఈ పటంలో ఉండదు. వేరే కాగితం మీద ఆర్‌పీ దగ్గర ఉంటుంది, లింకుల్లో తిరగదు.

స్టిక్కర్లు పడ్డాక ప్రతి దాని మీదా నంబరు రాయిస్తాం: బల్ల నంబరు, అడ్డగీత, వరస నంబరు. అప్పుడు స్క్రీన్ వెలుగుతుంది. ముగ్గురు మనుషులు, మూడు పనులు. ఒకరు అడుగుతారు. ఒకరు మౌస్ పడతారు. ఒకరు కాగితం మీద రాస్తారు. మౌస్ పట్టేవారికి అభిప్రాయం చెప్పే హక్కు ఆ గంటసేపు లేదు. నంబరు పిలవగానే చుక్క పెట్టి, పెట్టింది పైకి చదవాలి: “రెండో బల్ల, ఏడు, మసీదు సెంటర్ స్తంభం, నడుము, రోడ్డు మీద.” ఆ బల్ల నుంచి సరే అని వినిపిస్తేనే తర్వాతిది. నంబరు లేని మాట స్క్రీన్ మీదికి ఎక్కదు, చెప్పింది ఎవరైనా సరే. ‘అయితే కాగితం మీద స్టిక్కర్ పెట్టి రండి’ అంటాం. పెద్దమనుషులతో గొడవ పడకుండా ఆపడానికి ఇంతకంటే మర్యాదైన దారి మాకు దొరకలేదు. మౌస్ చేతికి కాలనీలోని ఇంటర్ చదివే అమ్మాయిని పెట్టి చూడండి. చెప్పింది చెప్పినట్టు పెడుతుంది, తెలియనిది తెలియదంటుంది.

లోతును టైపు చేయనివ్వొద్దు, జాబితాలోంచి ఎంచుకునేలా ఫారం పెట్టాలి. క్యూజీఐఎస్‌లో దీనికి వాల్యూ మ్యాప్ అనే ఏర్పాటుంది. టైపు చేయనిస్తే నడుం, నడుము, నడుంలోతు అని మూడు రకాలు పడతాయి, లెక్క తీసేటప్పుడు మూడు వేరు వర్గాలవుతాయి. గడులు ఎక్కువ వద్దు: నంబరు, నీళ్ల రకం, లోతు, నిలబడ్డ చోటు, వేళ, ఎంత ధీమాగా చెప్పారు. చివరిది తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ‘చూశాను’ అన్నదానికీ ‘విన్నాను’ అన్నదానికీ తేడా తర్వాత చాలా పనికొస్తుంది.

రెండు ల్యాప్‌టాప్‌లతో త్వరగా అవుతుందని ఒకే జియోప్యాకేజీ ఫైలును డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరూ రాస్తే ఫైలు పాడవుతుంది. ఒక్కో ల్యాప్‌టాప్‌కు ఒక్కో ఫైలు ఇచ్చి, చివర్లో కలుపుకోవాలి. ఫొటోల సంగతీ చెప్పాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో స్థలం వివరం కొట్టుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపమనాలి, లేదా కోబో అనే సర్వే యాప్ ఫారంలోనే తీయించాలి; కోబో ఫారం తెలుగులో ఉంటుంది, సిగ్నల్ లేకపోయినా దాచుకుని తర్వాత పంపుతుంది. ఫోన్ జీపీఎస్ ఆరుబయట అయిదు మీటర్ల అటూ ఇటూలో చూపిస్తుంది, అపార్ట్‌మెంట్ల మధ్య సందులో పక్క వీధికి కూడా దూకుతుంది. స్తంభం పేరు అడగడం అందుకే.

ఇక అసలు ప్రణాళిక: మళ్లీ వస్తే ఎటు పోవాలి. పటం ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది, ఇక్కడే ఘోరంగా మోసమూ చేస్తుంది. పునరావాసానికి ఒక బడిని ఎంచుకుని దాని చుట్టూ అర కిలోమీటరు వృత్తం గీస్తే, వృత్తంలో ఉన్నవాళ్లంతా చేరగలరన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో కాలువ ఉంటే? బడి కళ్ల ముందే ఉంటుంది, వంతెన కిలోమీటరు అవతల ఉంటుంది. కాబట్టి వృత్తం వద్దు. రోడ్ల వెంబడి లెక్కించే సర్వీస్ ఏరియా పరికరం వాడండి, క్యూజీఐఎస్‌లోనే ఉంది. దానికీ ఒక లోపం ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కాలిబాట వంతెన గీయకపోయినా, రెండు రోడ్ల కొసలు కలిపి గీయకపోయినా దారి తెగిందనుకుంటుంది. ఫలితాన్ని తెరమీద పెట్టి “ఈ దారిన ఎప్పుడైనా నడిచారా?” అని అడగాలి. ఛాతీ లోతు చుక్కలున్న రోడ్లను ముందే లెక్కలోంచి తీసేసి మళ్లీ నడిపించాలి. అప్పుడు కొన్ని వీధులకు బయటికి పోయే దారే ఉండదని తేలుతుంది. అలాంటి చోట పోవడం గురించి కాదు, ఉండటం గురించి ప్లాన్ చేయాలి: ఏ మేడ, ఎంతమంది, మంచినీళ్లు ఎక్కడ, పడవ ఆగే మలుపు ఏది. ఈ వీధుల కోసం వర్క్‌షాపులో సగం సమయం పోయినా పోనివ్వండి.

వచ్చిన ప్రతిపాదనల్లో ఏది ముందో తేల్చే ఓటింగుకు ఫోన్ యాప్‌లు వద్దు. స్మార్ట్‌ఫోన్ ఇంట్లో ఉన్నా అది కొడుకు జేబులో ఉంటుంది. మనిషికి మూడు చింతపిక్కలు, ప్రతి ప్రతిపాదన ముందూ మూతకు చిల్లు పెట్టిన డబ్బా. పది, పన్నెండు ప్రతిపాదనలకు మూడు సరిపోతాయి, పదిస్తే అన్నిటికీ పంచేస్తారు. లెక్క అందరూ వేశాకే తెరవాలి. వేస్తుంటేనే తెరమీద పట్టీలు పెరుగుతుంటే, వెనకొచ్చేవాళ్లు గెలుస్తున్న దాని వెనకే పోతారు.

మధ్యలో నాయకులొస్తారు. రానివ్వాలి, కాలనీలో వాళ్లు లేకుండా పనులు కావు. వస్తే తెర ముందు నిలబెట్టకుండా నేరుగా బల్ల దగ్గరికి తీసుకెళ్లి, “అన్నా, మీ ఇంటి ముందు లోతెంత?” అని స్టిక్కర్ చేతికివ్వాలి. ఆయనా ఒక మునిగిన ఇంటివాడే కదా. అధికారుల్ని చివరి ముప్పావుగంటకు పిలవడం మేలు. ముందే వస్తే సభ అర్జీల రోజుగా మారిపోతుంది. పింఛను, ఇంటి బిల్లు, వరద సాయం అందలేదన్న మాటలు ఎలాగూ వస్తాయి. గోడకు ఇంకో చార్టు అంటించి అవి అందులో రాయాలి, రాసినట్టు చదివి వినిపించాలి, సభ అయ్యాక ఫొటో తీసి సచివాలయంలో ఇవ్వాలి. రాయకుండా ‘అది తర్వాత’ అంటే మనిషి అక్కడితో లేచి వెళ్లిపోతుంది, ఆమె వెంట ఆ బల్ల కూడా.

సభ అయిన వారంలోపు దిద్దుబాటు. ఏ3 సైజులో తీసిన పటాన్ని కిరాణా కొట్టు గోడకో, నీళ్ల ట్యాంకు దగ్గరో అంటించి, పక్కనే తాడుకు పెన్ను కట్టి వదిలేస్తే సభకు రానివాళ్లు కూడా దిద్దుతారు. దిద్దిన ప్రతిదాని పక్కనా స్తంభం గుర్తు రాయమనాలి, లేకపోతే కంప్యూటర్లోకి ఎక్కించలేం. ఆ దిద్దుబాట్లు ఎక్కించాకే ఇవ్వాల్సినవి ఇస్తాం. సచివాలయానికి పీడీఎఫ్, గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే కేఎంఎల్. ఇంజినీర్లకు జియోప్యాకేజీ. పట్టిక కావాలన్నవాళ్లకు సీఎస్‌వీ, అదీ యూటీఎఫ్-8 గుర్తుతో. లేకపోతే ఎక్సెల్‌లో తెలుగంతా గజిబిజిగా తెరుచుకుంటుంది. కాలనీకి మాత్రం లామినేషన్ చేయించిన రెండు కాగితం పటాలు, ఒకటి బడిలో, ఒకటి ఆర్‌పీ ఇంట్లో, అటక మీద. ఏటా మే చివర్లో, వానలకు ముందు, అవి కిందికి దించి కొత్తగా లేచిన ప్రహరీలు, మూసుకుపోయిన తూములు గుర్తు పెట్టి, ఆ మార్పులు ఫైల్లో చేర్చి, తేదీ మార్చి మళ్లీ ప్రింటు తీయించాలి.